వీధిబడి నుండి కాన్వెంటు దాకా: తల్లిదండ్రుల తూకపురాళ్ళు

తెలుగునాట ఏ చిన్న ఊరికి వెళ్ళినా 'కాన్వెంటు' అన్న మాట వినబడుతుంది. నిజానికి అది క్రైస్తవ సన్యాసినులు నివసించే మఠానికి పేరు. వారు నడిపిన ఆంగ్ల పాఠశాలల మూలంగా ఆ పేరు బడికి వచ్చింది. ఆ తరువాత సన్యాసినులతోగాని, చర్చితోగాని ఏ సంబంధమూ లేని బడులకు కూడా ప్రాకింది. గోడమీద సరస్వతీదేవి బొమ్మ, ఉదయాన ప్రార్థనాశ్లోకం, పేరు మాత్రం కాన్వెంటు! ఫీజు పుచ్చుకొని, మెడకు టై కట్టించి, ఇంగ్లీషు అక్షరాలతో చదువు మొదలుపెట్టే ప్రతి ప్రైవేటు ప్రాథమిక పాఠశాలా మన జనం నోట కాన్వెంటే. భాషాశాస్త్రంలో దీనిని అర్థవ్యాకోచం అంటారు. ఒక మాట ఇంతగా విస్తరించిందంటే దాని వెనుక జనం కోరిక కూడా అంతగా విస్తరించి ఉండాలి.

మా సూళ్లూరుపేటలో ఈ మాట వినబడని వీధి లేదు. నెల్లూరు సీమకు దక్షిణపు కొసన, కాళంగి ఒడ్డున, చెంగాళమ్మ తల్లి నీడలో పెరిగిన ఊరిది. 2022 ఏప్రిల్ నుండి పాలనాపరంగా తిరుపతి జిల్లాలోనికి వెళ్ళినా మాటలో, యాసలో మేము నెల్లూరువారమే. ఇక్కడ ఒకే వీధిలో కాపురముండి, ఒకే ప్రైవేటు బడిలో, ఒకే తరగతిలో పిల్లలను చదివిస్తున్న ఇద్దరిని అడిగి చూడండి. "ఆ బడి బంగారం అయ్యవారూ" అని ఒకరంటారు. "దుడ్లు గుంజుకోవడం తప్ప ఏమీ చెప్పరు సార్" అని మరొకరంటారు. ఒక్కొక్క ఇంటిలో ఈ రెండు మాటలూ భార్యాభర్తల నోటనే వస్తాయి.

ఈ తగవును నేను మూడు దశాబ్దాలకు పైగా విన్నాను. తెలుగు పండిత శిక్షణ పొంది, ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. కనుక నా మొగ్గు ఎటు ఉంటుందో పాఠకులు ముందే ఊహించగలరు. అయినా తీర్పు చెప్పడానికి ఈ వ్యాసం వ్రాయడం లేదు. ఈ తగవుకు ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను చూస్తే ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడడం లేదనీ, ఇద్దరూ వేర్వేరు తూకపురాళ్ళతో తూస్తున్నారనీ తెలుస్తుంది. అసలు చిక్కు ఆ రాళ్ళలో ఉన్నది.

అయ్యవారి అరుగు

డబ్బు కట్టి పిల్లవాడిని చదివించడం కాన్వెంటుతో పుట్టిన ఆచారమని చాలామంది అనుకొంటారు. కాదు. మన పూర్వపు వీధిబడి చాలామట్టుకు ప్రైవేటు బడే. అయ్యవారికి జీతమిచ్చేవారు పిల్లల తల్లిదండ్రులే.

మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న తన ఏలుబడిలోని జిల్లాలన్నింటి నుండి బడుల లెక్కలు కోరాడు. కలెక్టర్లు పంపిన వివరాలన్నీ చేరిన తరువాత 1826 మార్చి 10న ఆ మొత్తాన్ని క్రోడీకరించి వ్రాశాడు. 1,28,50,941 మంది జనాభాలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. అంటే 67 మందికి ఒకరు. పిల్లవాడికి నెలకు నాలుగణాల నుండి ఆరు, ఎనిమిదణాల దాకా అయ్యవారికి ముట్టేదనీ, అన్నీ కలిపినా ఆయనకు నెలకు ఆరేడు రూపాయలు మించేవి కావనీ, ఆ మాత్రపు రాబడికి యోగ్యులైనవారు ఈ వృత్తిలోనికి రారనీ మన్రో అభిప్రాయపడ్డాడు. ఇది రెండు వందల యేళ్ళ నాటి మాట. ఇప్పటి ప్రైవేటు బడి గురించి వ్రాసినట్లు లేదూ?

ఆ నివేదికలలోకెల్లా పేరుపడినది బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టులో పంపినది. తెలుగు, కన్నడ బడులు రెండూ ఉన్న జిల్లా అది. ఉదయాన అందరికంటె ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు వ్రాసేవారట. రెండవవాడికి సున్న. మూడవవాడికి ఒక బెత్తపు దెబ్బ, నాల్గవవాడికి రెండు, అలా ఆలస్యమైనకొద్దీ దెబ్బలు పెరుగుతాయి. ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దించడం, పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించడం ఆయనకు నచ్చాయి. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం తగినదే అన్నాడు. అది వట్టి పొగడ్త కాదు. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో 1789 నుండి పనిచేసిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో వ్రాయడం చూసి, ఆ పద్ధతిని తన బడిలో పెట్టి, 1797లో లండనులో పుస్తకంగా వెలువరించాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది ఇంగ్లండు బడులలో వ్యాపించింది.

అయితే అదే కాంబెల్ మరొక సంగతి కూడా వ్రాశాడు. ఈ బడులలో వల్లె వేయించే కావ్యభాష వేరు, ఇంట మాట్లాడే భాష వేరు. పిల్లలు పద్యాలు గడగడ అప్పజెబుతారు, అర్థం మాత్రం వారికి తెలియదు. చాలాచోట్ల చెప్పేవారికీ తెలియదు. చిలుకపలుకులన్న విమర్శ మన బడి మీద రెండు శతాబ్దాల నాడే పడిందన్నమాట.

అటువంటి బడికి తల్లిదండ్రులు అణాలు ఎందుకు కట్టారు? వారు తెలివితక్కువవారా? ఎంతమాత్రమూ కాదు. పిల్లవాడు ఎక్కాలు తప్పు లేకుండా చెబితే కొట్టులో కూర్చోబెట్టవచ్చు. పద్యం ఎత్తుకొంటే నలుగురిలో పరువు. దసరా వచ్చిందంటే అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిరిగేవారు. చేతుల్లో విల్లంబులు, నోట పాటలు, పద్యాలు. అయ్యవారికి కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు. దీనిని మనం పండుగ వేడుకగానే తలుచుకొంటాము. కాని అది ఆ బడి వార్షిక పరీక్ష కూడా. అయ్యవారి చదువు ఎంతటిదో ఊరంతా చెవులారా విని లెక్క కట్టే రోజది. ఇప్పటి బడులు పందిరి వేసి, మైకు పెట్టి జరిపే వార్షికోత్సవానికి మూలపురుషుడు ఆ దసరా ఊరేగింపే.

ఇక్కడ మొదటి తూకపురాయి మనకు కనబడుతున్నది. అది చెవికి వినబడే చదువు. చదువురాని తల్లికైనా, కొద్దిపాటి వానాకాలపు చదువు చదివిన తండ్రికైనా అందుబాటులో ఉన్న రాయి అదొక్కటే.

ఆ అరుగు అందరిదీ కాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆడపిల్లలు బహు కొద్దిమంది. అంటరానివారని దూరం పెట్టిన కులాల పిల్లలకు ఆ అరుగు ఎక్కే వీలే లేదు. వారి తల్లిదండ్రుల అభిప్రాయం ఏమిటని ఆ రోజులలో ఎవరూ అడుగలేదు. ఈ మాట తరువాత మనకు అవసరపడుతుంది.

వెంకమ్మగారి పరీక్ష

1854 తరువాత దొరతనం విద్యాశాఖలను ఏర్పరచింది. మద్రాసు ప్రాంతంలో 1860ల నుండి వీధిబడులకు కూడా గ్రాంటు ఇవ్వసాగింది. ఆ గ్రాంటు ఫలితాలను బట్టి వచ్చేది. ఇన్‌స్పెక్టరు ఏడాదికొకసారి వచ్చి, పిల్లలను పరీక్షించి, ఎందరు గట్టెక్కితే అంత సొమ్ము వ్రాసిపోయేవాడు. ఇక అయ్యవారికి పాఠం చెప్పవలసినది పిల్లవాడికి కాదు, ఇన్‌స్పెక్టరుకు. ఇది రెండవ తూకపురాయి. దీని వారసత్వమే నేటి మార్కుల జాబితాలు, ర్యాంకుల ఫ్లెక్సీలు.

ఆ కాలంలోనే ఇంగ్లీషు చదువు ఊళ్ళలోనికి వచ్చింది. తల్లిదండ్రుల తగవు అసలు రూపం దాల్చినది అప్పుడే. దానిని మన సాహిత్యంలో గురజాడ అప్పారావుగారు బంధించినట్లు మరొకరు బంధించలేదు. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో తిరగవ్రాయబడిన 'కన్యాశుల్కం' నాటకాన్ని బాల్యవివాహాల మీద, వేశ్యావృత్తి మీద వ్రాసిన నాటకంగానే చెప్పుకొంటాము. కృష్ణరాయపురం అగ్రహారపు ఘట్టాన్ని ఒక్కసారి బడి చదువు దృష్టితో చదవండి. కొడుకు ఇంగ్లీషు చదువుకు డబ్బు తగలేస్తున్నామని అగ్నిహోత్రావధానులు విసుక్కొంటాడు. వెంకమ్మగారు పట్టు విడువదు. పుట్టింటివారు పసుపు కుంకుమల క్రింద ఇచ్చిన భూమి అమ్మియైనా చదివిస్తానంటుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కొడుకుకు వచ్చిందో లేదో తెలుసుకోవడమెట్లా? గురువునూ శిష్యుడినీ తన ఎదుట ఇంగ్లీషులో మాట్లాడుకోమంటుంది.

గిరీశం తడుముకోడు. పసిపిల్లల పాటలు, వాచకంలోని ముక్కలు, రేఖాగణితపు సిద్ధాంతం ఒక వరుసలో పెట్టి సంభాషణలాగా వినిపిస్తాడు. వెంకటేశం అదే తీరున అందుకొంటాడు. తల్లి మనసు నిండిపోతుంది. మనం నవ్వుతాము. నవ్విన తరువాత ఆలోచించవలసినది ఒకటి ఉన్నది. ఆ తల్లి చేసిన పరీక్షలో తప్పేమున్నది? ఆమె వద్ద ఉన్న రాయి అదే. మోసం ఆమె కోరికలో లేదు. ఆమెకు తెలియదని తెలిసి అటువంటి సరుకే తయారుచేసి ఇచ్చినవాడిలో ఉన్నది.

సందర్శకులు ఇంటికి వచ్చినప్పుడు "అంకుల్‌కు రైమ్ చెప్పు నాన్నా" అనే తల్లులను చూసినప్పుడల్లా నాకు వెంకమ్మగారే గుర్తుకు వస్తుంది. అయితే నూటపాతికేళ్ళ నాటి ఆ అవధానుల ఇంటి తగవు ఒక అగ్రహారానిది. ఇప్పటిది ప్రతి పేటదీ, ప్రతి పాళెందీ. ఆ మార్పు మా ఊరిలో ఎట్లా వచ్చిందో చూద్దాము.

రాకెట్టు నీడలో

స్వాతంత్ర్యానంతరం ప్రాథమిక విద్య ప్రభుత్వం పని అన్న భావం స్థిరపడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి నెల్లూరు మద్రాసు నుండి విడివడింది. 1959లో పంచాయతీరాజ్ వచ్చి, పల్లె బడులు సమితుల చేతికి వెళ్ళాయి. ప్రెసిడెంటుగారి పిల్లవాడూ పాలేరు పిల్లవాడూ ఒకే పలకల సంచీతో ఒకే బడికి వెళ్ళిన కాలం అది. కొంచెం మెరుగుపెట్టి చెప్పుకొంటున్నామేమో గాని, బొత్తిగా కల్పన కాదు. ఆ రోజులలో బడి బాగోగుల గురించి తగవు వస్తే దానిని సరిచేయించగల పలుకుబడి ఉన్న తండ్రి కూడా ఆ బడికే కట్టుబడి ఉండేవాడు.

1969లో శ్రీహరికోట దీవిని రాకెట్ల కేంద్రం కోసం ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుండి తొలి రాకెట్టు లేచింది. 2002లో ఆ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. జనం మాత్రం ఇప్పటికీ 'షార్' అనే అంటారు. అంతవరకు వరిచేలు, చేపల వేట, సంతబేరాలు తెలిసిన సూళ్లూరుపేటకు దేశం నలుమూలల నుండి ఇంజనీర్లు, సాంకేతికులు వచ్చారు. తెలుగు, తమిళం కలగలిసిన మా బజారులో మలయాళం, హిందీ కూడా వినబడసాగాయి. రేపు ఎక్కడికి బదిలీ అవుతుందో తెలియని ఉద్యోగికి పిల్లవాడి చదువు ఇంగ్లీషులో సాగడం అవసరం. అది అతని విషయంలో న్యాయమైన లెక్క. కాని అతని పిల్లవాడి టై, బూట్లు, బస్సు వీధిలో అందరికీ కనబడతాయి. ఆకాశంలో రాకెట్టు లేచిన ప్రతిసారీ మేడ మీదికి ఎక్కి చూసే కూలివాని మనసులో, దానిని పంపినవారు ఏ బడిలో చదివి ఉంటారన్న ప్రశ్న లేవకుండా ఉంటుందా? షార్‌లో కాంట్రాక్టు పని చేసేవాడు, ఆటో నడిపేవాడు, పులికాటు గట్టున వల వేసేవాడు, తడ ప్రక్కన శ్రీసిటీ ఫ్యాక్టరీలలో షిఫ్టు చేసేవారు అందరూ తమ పిల్లలకు ఆ టై కట్టాలనుకొన్నారు. మన రాష్ట్రంలో ప్రతి పట్టణానికీ ఇటువంటి ఒక రాకెట్టు ఉన్నది. ఒకచోట అది సాఫ్ట్‌వేరు, ఒకచోట అమెరికా, ఒకచోట ఇంజనీరింగు సీటు.

మా వైపు పొరపాట్లు లేవని అనను. 1984లో బ్రిటన్ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. మేము 'ఆపెప్' అనేవాళ్ళం. కృత్యాల ద్వారా బోధన దాని ప్రాణం. ఆకులు, గింజలు, పుల్లలు పేర్చి లెక్కలు చెప్పడం, గోడలనిండా పిల్లల బొమ్మలు వ్రేలాడదీయడం. విద్యాశాస్త్రం ప్రకారం అది మంచి పద్ధతి. ఇంటివారికి మాత్రం "బడిలో గింజలు ఏరుకొంటున్నారట" అన్న మాట చేరింది. ఎదురుగా ఉన్న ప్రైవేటు బడిలో పిల్లలు ఒక్క గొంతుతో ఎక్కాలు అరుస్తుంటే వీధి చివరి దాకా వినబడేది. చదువు ఎక్కడ జరుగుతున్నదని ఇంటివారు తేల్చుకొన్నారో వేరే చెప్పాలా?

దీనికి తోడు, 2003లో దేశంలో అనేక రాష్ట్రాల బడులకు చెప్పాపెట్టకుండా వెళ్ళి చూసిన పరిశోధకులకు ప్రభుత్వ ప్రాథమిక ఉపాధ్యాయులలో నలుగురికి ఒకరు బడిలో కనబడలేదు. జనాభా లెక్కలు, ఎన్నికలు, సమావేశాలు అని మేము కారణాలు చెబుతాము. వాటిలో నిజమూ ఉన్నది. కాని తలుపు తాళం చూసి తిరిగివచ్చిన తల్లికి కారణంతో పని లేదు.

పైన ఆపిన మాట ఒకటి ఇప్పుడు చెప్పాలి. వీధిబడి అరుగు ఎక్కనివ్వని కులాల తల్లిదండ్రులు ఇప్పుడు ఫీజు కట్టి పిల్లలను పంపుతున్నారు. "ఇంగ్లీషు మీ పిల్లలకు కావాలి గాని మా పిల్లలకు వద్దా సార్?" అని ఒక తండ్రి నన్ను సూటిగా అడిగాడు. తెలుగు పండితుడిగా నాకు భాష మీద ఎంత ప్రేమ ఉన్నా, ఆ ప్రశ్నకు ఎదురు చెప్పే హక్కు నాకు లేదు. కావ్యభాష ఒకనాడు ఎవరిని గడప బయట నిలబెట్టిందో అతనికి తెలుసు. ఇంగ్లీషు అతనికి ఒక భాష మాత్రమే కాదు, గడప దాటడం కూడా.

లాటరీ చెప్పిన నిజం

ఇంతకూ ఆ బడులలో చదువు మెరుగ్గా ఉన్నదా? ఇది అభిప్రాయాలతో తేలే ప్రశ్న కాదు. ప్రైవేటు బడికి వెళ్ళే పిల్లవాడి ఇంటిలో డబ్బు, చదువు కొంచెం ఎక్కువగా ఉంటాయి. అతనికి మార్కులు ఎక్కువ వస్తే ఆ ఘనత బడిదా, ఇంటిదా? విడదీయడం కష్టం.

దానిని విడదీసిన పరిశోధన ప్రపంచంలో జరిగిన కొద్ది చోట్లలో మన రాష్ట్రం ఒకటి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాలలోని 180 గ్రామాలను తీసికొన్నారు. ప్రభుత్వ బడుల పిల్లల తల్లిదండ్రులను, ప్రైవేటు బడి ఖర్చు మేము భరిస్తాము, పంపుతారా అని అడిగారు. దరఖాస్తు పెట్టినవారిలో లాటరీ తీశారు. లాటరీ తగిలినవారూ తగలనివారూ అన్నివిధాలా ఒకే రకం కుటుంబాలు గనుక, తరువాత కనబడే తేడా బడిదే అవుతుంది. నాలుగేళ్ళు వేచి చూశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఆ ఫలితాలను 2015లో ప్రకటించారు.

తెలుగులో, లెక్కలలో రెండు వర్గాల పిల్లల మధ్య తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడికి వెళ్ళినవారు బాగా ముందున్నారు, ఎందుకంటే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో హిందీయే లేదు. ఇంతవరకు విని ప్రభుత్వోపాధ్యాయులు సంతోషపడవచ్చు. తరువాతి వాక్యం కూడా వినాలి. ఆ ప్రైవేటు బడులు తెలుగుకు సుమారు 40 శాతం, లెక్కలకు సుమారు మూడవ వంతు తక్కువ సమయం ఇచ్చి, ఆ సమయాన్ని ఇంగ్లీషుకు, హిందీకి, ఇతర విషయాలకు మళ్ళించి కూడా అవే ఫలితాలు తెచ్చాయి. పిల్లవాడి మీద అయ్యే ఖర్చు ప్రభుత్వ బడిలో అయ్యేదానిలో మూడవ వంతుకన్న తక్కువ. అక్కడి ఉపాధ్యాయులు బడికి ఎక్కువ క్రమంగా వస్తున్నారు. తరగతిలో పిల్లలు తక్కువ. బడి ఎక్కువ రోజులు, ఎక్కువ గంటలు నడుస్తుంది. ఇక వారి జీతం ప్రభుత్వోపాధ్యాయుని జీతంలో సుమారు ఆరవ వంతు.

మరొక సంగతి. ప్రైవేటు బడులలోనే తెలుగు మాధ్యమంలో నడిచేవాటికి దగ్గరగా ఉన్న పిల్లలు మెరుగైన ఫలితాలు సాధించినట్లు, ఇంగ్లీషు మాధ్యమంలోనికి మారినవారు వెనుకబడినట్లు ఆ పరిశోధనలో సూచన కనబడింది. ఇంటిలో లేని భాషలో ఉన్నట్టుండి లెక్కలు వినవలసివస్తే పసివాడు తడబడడం వింత కాదు.

ఇప్పుడు మా వీధిలోని ఇద్దరినీ మళ్ళీ తలుచుకోండి. "పంతుళ్ళు రోజూ వస్తారు, శుభ్రంగా ఉంటుంది, హిందీ కూడా వస్తుంది" అన్నవారు నిజమే చెప్పారు. "అంత ఫీజు కట్టినా తెలుగులో ఉత్తరం చదవలేడు, లెక్క తేల్చలేడు" అన్నవారూ నిజమే చెప్పారు. ఇద్దరి నిజాలనూ లాటరీ ఒప్పుకొన్నది.

ఆ ఆరవ వంతు జీతం దగ్గర మాత్రం నా మనసు ఆగిపోతుంది. మన్రో కాలపు ఆరేడు రూపాయల అయ్యవారే మళ్ళీ కనబడుతున్నాడు. ఈసారి ఎక్కువగా చదువుకొన్న ఆడపిల్ల రూపంలో. 2020లో కరోనా వచ్చి బడులు మూతబడినప్పుడు జీతాలు ఆగిపోయి ప్రైవేటు ఉపాధ్యాయులెందరో కూరగాయలు, పండ్లు అమ్ముకొన్న వార్తలు మనందరం చదివాము. చవుకగా వస్తున్న చదువు ధర ఎవరు కడుతున్నారో అప్పుడు తెలిసింది. ఆ యేడు చాలామంది పిల్లలు ప్రభుత్వ బడులకు తిరిగివచ్చారు. బడి మీద అభిప్రాయం మారి కొందరు, ఫీజు కట్టలేక ఎందరో.

ధర తెలుసు, విలువ తెలియదు

ఈ తగవులో ప్రభుత్వాలు కూడా కలుగజేసుకొన్నాయి. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 53వ నంబరు ఉత్తర్వుతో ప్రైవేటు బడుల ఫీజులు నిర్ణయించింది. నర్సరీ నుండి అయిదవ తరగతి దాకా ఏడాదికి పంచాయతీలలో రూ. 10,000, మా సూళ్లూరుపేట వంటి పురపాలక పట్టణాలలో రూ. 11,000, నగరాలలో రూ. 12,000. అదే యేడు డిసెంబరులో హైకోర్టు దానిని కొట్టివేసింది. న్యాయపు సంగతి అట్లుంచి, ఆ ఉత్తర్వు ఆలోచనను చూడండి. బడి ఏ ఊరిలో ఉన్నదన్నదాన్ని బట్టి ధర. అందులో పిల్లవాడికి ఏమి వచ్చిందన్న ప్రశ్నే లేదు.

2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నింటినీ ఇంగ్లీషు మాధ్యమంలోనికి మార్చే ఉత్తర్వులు వచ్చాయి. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని రద్దు చేసింది. తరువాత ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయం సేకరించి, 96 శాతానికి పైగా ఇంగ్లీషే కోరారని ప్రకటించింది. భాషాభిమానులు చాలామంది బాధపడ్డారు, నాకూ బాధ కలిగింది. కాని జనం కోరిక మీద కోపగించుకోవడం వలన ప్రయోజనం లేదు. ఆ కాగితం మీద అడిగిన ప్రశ్న 'ఏ మాధ్యమం కావాలి' అన్నది. 'మీ బిడ్డ చదివినది వాడికి అర్థమవుతున్నదా' అని ఆ తల్లిని అడిగినవారు లేరు. అడిగితే చెప్పగల సాధనం ఆమె చేతిలో ఎవరూ పెట్టలేదు.

పెడితే ఏమవుతుంది? దీనికి ప్రక్క దేశంలో ఒక ఉదాహరణ ఉన్నది. పాకిస్తాన్ పంజాబులో 2004లో 112 గ్రామాలలో పిల్లలకు పరీక్షలు పెట్టారు. వాటిలో సగం గ్రామాలలో, ప్రతి ఇంటికీ తమ పిల్లవాడి ఫలితంతో పాటు ఊరిలోని అన్ని బడుల ఫలితాలూ అర్థమయ్యేటట్లు కాగితం మీద వ్రాసి ఇచ్చి, విప్పి చెప్పారు. అంతే. ఏడాది తిరిగేసరికి ఆ ఊళ్ళలో చదువు మెరుగుపడింది. ప్రైవేటు బడుల ఫీజులు సుమారు 17 శాతం తగ్గాయి. కొత్త భవనాలు కట్టలేదు, పంతుళ్ళను మార్చలేదు. తల్లిదండ్రుల చేతిలోనికి సరియైన తూకపురాయి వచ్చింది. బేరం మారిపోయింది.

మనవద్ద ఆ కాగితం ఇచ్చేవారు వచ్చేదాకా తల్లిదండ్రులు చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. పండితుడిగా నాకు తెలిసిన పరీక్ష ఒకటి చెబుతాను. దీనికి ఖర్చు లేదు. మూడవ తరగతి దాటిన పిల్లవాడి ముందు వాడు ఇంతకు ముందు చూడని పుట ఒకటి పెట్టండి. ఆ రోటి పత్రికైనా సరే, మందుసీసా మీది సూచనలైనా సరే. మొదట తెలుగులో, తరువాత వాడి బడి భాషలో. చదవమనండి. చదివినది మూసివేసి, ఏమి ఉన్నదో సొంత మాటలలో మీకు చెప్పమనండి. తరువాత మీ ఇంటి లెక్క ఒకటి ఇవ్వండి. పాలవాడికి నెలకు ఎంత ఇవ్వాలి, అయిదు రోజులు పాలు పోయించుకోకపోతే ఎంత తగ్గించాలి. అక్షరం రాని తల్లి కూడా ఈ పరీక్ష చేయవచ్చు. చదవడం ఆమెకు రాకపోయినా, చెప్పినది అర్థవంతంగా ఉన్నదో లేదో, పాల లెక్క సరిపోయిందో లేదో ఆమెకు తెలియనిది కాదు. వల్లె వేసినది ఈ పరీక్షలో నిలబడదు. గిరీశం ఎంతటివాడైనా ఇక్కడ దొరికిపోతాడు.

ఆ తరువాత బడికి వెళ్ళి పంతులమ్మను నిలదీయడం కాదు, కూర్చొని మాట్లాడండి. ఆరవ వంతు జీతానికి నలభై మందిని సాకుతున్న ఆ పిల్ల మీకంటె సుఖంగా ఏమీ లేదు. యాజమాన్యాన్ని మాత్రం అడగండి. వారానికి తెలుగుకు ఎన్ని గంటలు, లెక్కలకు ఎన్ని గంటలు అని అడగండి. ప్రభుత్వ బడిలోనూ అదే ప్రశ్న అడగండి. డబ్బు కట్టలేదు గనుక అడిగే హక్కు లేదనుకోవద్దు. అక్కడి పంతులుకు జీతం వస్తున్నది మీరు కొనే ప్రతి వస్తువు మీద కట్టే పన్నుతోనే.

ఏ బడి మంచిది అన్న ప్రశ్నకు ఊరంతటికీ ఒకే జవాబు ఉండదు. మన్రో లెక్కలు తీయించిన నాటి నుండి నేటి దాకా తల్లిదండ్రులు కడుపు కట్టుకొని ఫీజు కడుతూనే ఉన్నారు. వారి త్యాగంలో లోటు లేదు. వారి తీర్పులు తేలకపోవడానికి కారణం, చదువు లోపలిది కావడం, వారి చేతికి అందిన రాళ్ళన్నీ బయటివి కావడం. బిడ్డ నోట వినబడేది కొంత, వంటి మీద కనబడేది కొంత, కార్డు మీద వ్రాసి ఉండేది కొంత. ఈ మూడూ అవతల పెట్టి, వాడికి అర్థమైనది ఎంత అని తూచడం మొదలుపెట్టిన ఇంట, ఆ బడి సర్కారుదైనా ప్రైవేటుదైనా, బిడ్డ నష్టపోడని నా నమ్మకం.

స్వస్తి.